చెవుల్లో దూదితో రేసులకి

తిరువూరు

మోటారు రేసులు చూడ్డానికి వెళ్లేవాళ్లు ఏమేం సర్దుకోవాలో మా వీధిలో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టి అందరూ ధారాళంగా సలహాలిచ్చారు. ఒకరు గొడుగన్నారు. ఒకరు గ్లూకోజు పొడి అన్నారు. ఎదురింటి మాస్టారు బైనాక్యులర్స్ తప్పనిసరి అన్నారు, తన దగ్గర మాత్రం లేవని కూడా ఆయనే చెప్పారు. మా అమ్మ ఎవర్నీ ఏమీ అడగలేదు. పెరట్లో చాప వేసుకుని, మా చేలోంచి వచ్చిన పత్తిలో గింజలు తీస్తూ కూర్చుంది.

"అమ్మా, మనం వెళ్లేది రేసులకి, పరుపులు కుట్టడానికి కాదు," అన్నాను.

"పిల్ల చెవుల్లోకిరా. నువ్వు పుట్టినప్పుడు నా చెవుల్లో ఇదే దూది పెట్టి, పైన గుడ్డ కట్టింది మా అమ్మ. ఇప్పటికీ నువ్వు గొణుగుతూ తిట్టినా నాకు వినపడుద్ది."

ఆ మాట కాదనలేను, నిజంగానే వినపడుతుంది.

పిల్ల అంటే మా అక్క కూతురు జెస్సీ. నాలుగేళ్లది. రేసులో బండి నడిపేది జెస్సీ బాబాయి శామ్యూలు. వినగడప నుంచి గంపలగూడెం వరకూ ఉన్న రోడ్డు మీద పాత బైకుతో కోళ్లనీ గేదెలనీ పక్కకి తప్పిస్తూ నేర్చుకున్న విద్యతో, చెన్నైలో ఒక చిన్న రేసు జట్టులో చేరాడు. కొత్తవాళ్లకి పెట్టే పోటీలో ఇదే మొదటిసారి. వాడికి బండి నేర్పింది వాడి అన్న, మా బావ ప్రసాదు. తిరువూరులో బైకు మెకానిక్ షాపు ఆయనది. ఇంజను శబ్దం విని జబ్బేంటో చెప్తాడని పేరు. ఫోన్లో ఆయన మాట్లాడుతుంటే మాత్రం అవతలివాడికి ఫోను అక్కర్లేదు, ఊరి చెరువు గట్టున నిలబడితే చాలు.

అక్క రావడానికి కుదరలేదు. ఆమె టీచరు. పదో తరగతికి ఆదివారాలు కూడా ప్రత్యేక తరగతులు. ఆమె క్లాసులో ఒక పిల్లాడు పిలిస్తే పలకడని ఏడాదంతా మొండివాడన్నారు. తీరా పరీక్ష చేయిస్తే వాడికి సరిగ్గా వినపడదని తేలింది. అప్పట్నుంచి అక్కకి చెవులంటే భయం. బయల్దేరే ముందు మా ముగ్గురినీ వరసగా నిలబెట్టింది.

"రేసు ఎవడు గెలిచినా నాకనవసరం. దాని చెవులు ఎట్టా తీసుకెళ్తున్నారో అట్టా తీసుకురండి."

"నేనున్నాగా," అంది అమ్మ, దూది సంచి చూపిస్తూ.

"మెకానిక్ కూతురే అది. దానికి మోత కొత్తా?" అన్నాడు బావ.

ఇక నా సంగతి. పెళ్లిళ్లకి వీడియో తీయడం నా పని. డీజే బాక్సుల పక్కన నిలబడి బతికేవాణ్ణి. పెళ్లి అయిపోయాక రెండు రోజులు చెవిలో కీచురాయి అరుస్తూ ఉంటుంది. దాన్ని నేను భోజనంతో పాటు ఇచ్చే తాంబూలం కింద జమకట్టుకున్నాను.

మైలవరం మీదుగా

బస్సులో డ్రైవరు నెత్తిన ఒక స్పీకరు, మా నెత్తిన ఇంకొకటి. రోడ్డుకి రెండు వైపులా మామిడి తోటలు పూత మీద ఉన్నాయి. చూస్తే ప్రశాంతంగా ఉంది, వింటే లేదు. జెస్సీ నా ఒళ్లో కూర్చుని రహస్యాలు చెప్పడం మొదలుపెట్టింది. ఇది దాని అలవాటు. ఎవరు దొరికితే వాళ్ల చెవి దగ్గరికి లాక్కుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ముఖ్యమైన సంగతులు చేరవేస్తుంది. నాకు చెప్పిన సంగతి: కండక్టరు చొక్కాకి ఒక గుండీ లేదు.

తర్వాత ముందు సీట్లోకి వంగి వాళ్ల నాన్న ఎడమ చెవిలో ఏదో చెప్పింది.

"అవునా తల్లీ!" అన్నాడు బావ, కళ్లు పెద్దవి చేసి.

మళ్లీ ఏదో చెప్పింది.

"అవునా తల్లీ!"

బావ ఆ పిల్ల ఏం చెప్పినా ఇంతే ఆశ్చర్యపోతాడు. తండ్రి ప్రేమంటే ఇదీ అని మా వీధిలో ఆడవాళ్లు మెచ్చుకుంటారు.

మా ప్రాంతంలో శబ్దానికీ గౌరవానికీ దగ్గర చుట్టరికం. పెళ్లి పెద్దదా చిన్నదా అని పక్కూరివాళ్లు బాక్సుల్ని బట్టి తేలుస్తారు. క్రిస్మస్‌కి మా చర్చి స్పీకరు గుడివైపు తిరిగి ఉంటుంది, శ్రీరామనవమికి గుడి స్పీకరు చర్చివైపు. ఈ ఒక్క విషయంలో మతాలన్నీ ఒకటే. ఇక కుర్రాళ్లు కొత్త బైకు కొనగానే చేసే మొదటి పని బావ షాపుకొచ్చి మోత పెరిగేలా సైలెన్సరు మార్పించుకోవడం. బావ మారుస్తాడు. మార్చాక, సరిగ్గా పేలుతోందో లేదో చెవి దగ్గర పెట్టుకుని చూస్తాడు.

రైల్లో

విజయవాడలో రైలెక్కాం. అమ్మ పులిహోర డబ్బా తీసింది. ఎదురుగా గూడూరు వెళ్తున్న ఒక పెద్దాయన తన దగ్గరున్న సున్నుండలు తీశాడు. ఈ మారకం పూర్తయ్యాక ఆయన, "ఎందాకా?" అన్నాడు.

"చెన్నైలో రేసులండీ," అంది అమ్మ.

ఆయన మొహం మారిపోయింది. "పసిపిల్లని పెట్టుకుని గుర్రప్పందేలకా అమ్మా?"

"గుర్రాలు కాదండీ, మోటారు సైకిళ్లు. మా అల్లుడిగారి తమ్ముడు నడుపుతాడు."

"దేని మీదెక్కితే ఏం, పందేలేగా," అని, ఇచ్చిన సున్నుండ వైపు ఒకసారి బాధగా చూశాడు.

ఆయన్ని సమాధానపరచడానికి బావ రంగంలోకి దిగాడు. రేసు అంటే ఏంటి, ఇంజను అంటే ఏంటి, అంతా వివరించాడు. పెట్టెలో ఆ చివరున్న వాళ్లు కూడా లేచి నిలబడి విన్నారు. పెద్దాయన అమ్మవైపు వంగి, "మీ అల్లుడిగారికి చెవుడా?" అని అడిగాడు.

"లేదండీ, మెకానికు," అంది అమ్మ.

ఆయన తృప్తిగా తలూపాడు. నాకూ ఆ జవాబు చాలా సహజంగానే అనిపించింది. ఆ క్షణంలో మాలో ఎవరికీ అందులో తేడా ఏమీ కనపడలేదు.

చెన్నై బయట

ట్రాకు ఊరికి బాగా బయట, ఫ్యాక్టరీల మధ్య ఉంది. దానికి దగ్గర్లో శామ్యూలు ఒక లాడ్జి చూసిపెట్టాడు. కింద హోటల్లో ఇడ్లీ అరిటాకు మీద పెట్టి, సాంబారు బకెట్‌తో తెచ్చి, వద్దన్నదాకా పోశారు. వద్దు అనడానికి అరవంలో ఏమంటారో నాకు తెలియదు. ఆ సంగతి వాళ్లు తెలుసుకునేసరికి నా ఇడ్లీలు ఈదుతున్నాయి. టీ మన ఊళ్లో కంటే ఐదు రూపాయలు ఎక్కువ, కానీ గ్లాసులోంచి గ్లాసులోకి పైకెత్తి పోసే తీరు చూడ్డానికి ఆ ఐదూ ఇవ్వొచ్చు. అమ్మకి మాత్రం పచ్చడి కారం చాల్లేదు. సంచిలోంచి మన కారప్పొడి తీసి చల్లుకుంది. పక్క బల్లవాళ్లు చూపు తిప్పలేదు. ఆమె వాళ్లకీ కొంచెం చల్లింది. వాళ్లు నీళ్లు అడిగారు.

ట్రాకు, శనివారం

శనివారం సాధన పరుగులు, ఆదివారం అసలు పోటీ. పొద్దున్నే వెళ్లి కంచెకి దగ్గరగా, బండ్లు నేరుగా దూసుకెళ్లే చోట కూర్చున్నాం. ముందు వరస దొరికినందుకు మమ్మల్ని మేమే అభినందించుకున్నాం. సినిమాకి ముందు వరస ఎందుకు ఖాళీగా ఉంటుందో తెలిసినవాళ్లం, ఇక్కడెందుకు ఖాళీగా ఉందో ఆలోచించలేదు.

అమ్మ జెస్సీ చెవుల్లో దూది కూరి, పైన స్కార్ఫు కట్టి, గడ్డం కింద ముడేసింది. పిల్ల అప్పుడే పురుడు పోసుకుని వచ్చినట్టుంది.

మొదటి బండ్ల గుంపు వచ్చింది. నేను డీజే బాక్సుల మధ్య పెరిగినవాణ్ణి. అయినా ఆ మోత చెవులతో వినేది కాదు. పక్కటెముకల్లోంచి లోపలికొచ్చి, పొద్దున తిన్న ఇడ్లీని పలకరించి వెళ్లింది. బావ లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో అంత ఆనందం నేను ఆయన పెళ్లి వీడియోలో కూడా చూడలేదు. ఆ వీడియో తీసింది నేనే.

జెస్సీ రెండు చేతులతో స్కార్ఫు పైనుంచి చెవులు మూసుకుంది.

బావ వంగి, మెల్లగా, ముద్దుగానే, ఆ చేతులు తీసేశాడు. "చేతులు దించు తల్లీ. రెండు రౌండ్లు పోతే అలవాటైపోద్ది. మన షాపులో వినట్లా?"

మళ్లీ మూసుకుంది. మళ్లీ దించాడు. మూడోసారి అది మూసుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

"చూశావా బామ్మర్దీ!" అని నా చెవిలో అరిచాడు బావ. "కళ్లల్లో నీళ్లు లేవు! మెకానిక్ కూతురు!"

నేను పిల్లని వీడియో తీశాను. దాని వెనక బండ్లు గీతల్లా పోతున్నాయి, ముందు అది బొమ్మలా కూర్చుంది. చాలా బాగా వచ్చింది ఆ వీడియో. ఇప్పుడు చూడలేను.

మాకు బాగా వెనక, పై మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. పక్కన జెస్సీ ఈడు పిల్లాడు. వాడి తలకి నీలం రంగు పెద్ద హెడ్‌సెట్టు.

"అటు చూడు," అన్నాడు బావ. "ఇంత దూరం వచ్చి వాడు పాటలు వింటన్నాడు!"

"ఈ కాలం తల్లులు అంతే," అంది అమ్మ. "అన్నం తినాలంటే ఫోను. ఇప్పుడు బళ్లు చూడాలన్నా పాటలే."

"ఏ పాటో కనుక్కొస్తానుండండి," అన్నాను నేను. అందరం నవ్వుకున్నాం. మా పిల్ల మాత్రం పాతకాలం పద్ధతిలో, దూదితో, క్రమశిక్షణగా కూర్చుంది కదా.

భోజన విరామం

మధ్యాహ్నం బండ్లు ఆగాయి. నిశ్శబ్దం ఎంత ఒక్కసారిగా వచ్చిందంటే, ఎవరో మనల్ని వదిలేసి వెళ్లిపోయినట్టుంది. కంచె దగ్గర చాప మీద పులిహోర విప్పాం. జెస్సీ మాకు వీపు పెట్టి కూర్చుని కంకర రాళ్లు ఏరుతోంది.

నాకూ దానికీ ఒక ఆట ఉంది. ఎంత దూరం నుంచైనా, ఎంత మెల్లగా అయినా "చాక్లెట్" అంటే అది తిరుగుతుంది. నిద్రలో కూడా ఒకసారి తిరిగింది.

"చాక్లెట్," అన్నాను.

తిరగలేదు.

"దూది ఉందిగా," అంది అమ్మ. స్కార్ఫు విప్పి, దూది తీసేసింది. నేను రెండడుగులు దగ్గరికి జరిగి మళ్లీ అన్నాను. అది రాయి మీద రాయి పెడుతోంది.

"జెస్సీ!" అంది అమ్మ, మామూలు గొంతుతో. తర్వాత, అంత మామూలు కాని గొంతుతో.

పిల్ల తిరగలేదు. నేను ముందుకెళ్లి దాని ఎదురుగా కూర్చున్నాను. అప్పుడు నన్ను చూసి, నా చెవి దగ్గరికి లాక్కుంది. రహస్యం అనుకుంటూనే గట్టిగా చెప్పింది, చుట్టుపక్కల అందరికీ వినపడేలా.

"మామయ్యా, నా చెవిలో పురుగు అరుస్తంది. తీసెయ్."

వంగి దాని చెవిలోకి చూశాను. పురుగేమీ లేదు.

బావ కంగారు దాచుకుంటూ నవ్వాడు. "ఓస్, అదా! అదేం కాదత్తయ్యా. నాకూ ఉంటదిగా. పొద్దున లేచిందగ్గర్నుంచీ పడుకునేదాకా కుయ్యిమంటానే ఉంటది. అలవాటైపోద్ది."

అమ్మ చేతిలో పులిహోర ముద్ద అలాగే ఉంది.

"మీకెప్పట్నుంచి ప్రసాదు బాబూ?"

బావ ఆలోచించాడు. షాపు పెట్టినప్పట్నుంచా, పెళ్లికి ముందా, తర్వాతా, ఏమీ చెప్పలేకపోయాడు. ఆయన నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

అప్పటికి పై మెట్ల మీది ఆవిడ దిగి మా దగ్గరికి వచ్చింది. బావ మామూలుగా మాట్లాడిన ఆ నాలుగు మాటలూ ఆమెకి అక్కడికే వినపడ్డాయట. పేరు వనజ. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగావిడ. ఆమె భర్త ఇదే ట్రాకు మీద చాలాకాలంగా కార్లు నడుపుతాడు.

"ఏమండీ, పాపకి ఏమైంది? పొద్దున్నుంచీ చూస్తా ఉండాను. వచ్చి చెప్పాలని అనుకుంటిని. మీరు నవ్వతా ఉంటే, నన్ను చూసేమో అని ఊరుకుంటిని."

ఆమె అనుమానం నూటికి నూరుపాళ్లూ నిజం కాబట్టి మేం ముగ్గురం నేల చూశాం.

సంగతి విని, ఆమె తన కొడుకు తలమీది నీలం హెడ్‌సెట్టు తీసి నా చెవులకి ఆనించి నొక్కింది. పిల్లల సైజు, నా తలకి పట్టలేదు, అయినా మైదానం మొత్తం ఎవరో దుప్పటి కప్పినట్టయింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, మాట చాలా దూరం నుంచి వస్తోంది.

"దీంట్లో పాటలు రావండీ," అంది, తీసేశాక. "మోత ఆపేదానికి. దూది ఏం ఆపుతుంది? దాంట్లోంచి గాలే పోతుంది, మోత పోదా?"

"మరి చెవుల్లో పెట్టుకునే స్పంజి బిళ్లలు ఉంటాయిగా?" అన్నాను.

"అవి మీకు. ఈ వయసు పిల్లల చెవిలో నిలవవు. పీకి నోట్లో పెట్టుకుంటే ఇంకో కష్టం. వీళ్లకి ఇవే. ఇవి పెట్టినా కంచె పక్కన కాదు, బాగా వెనక్కి. నడుమ నడుమ బయటికి తీసుకుపోవాల." ఆమె బావవైపు చూసింది. "చెయ్యి చాపినంత దూరంలో ఉండే మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే, ఆ చోటు పిల్లలది కాదండీ. మా ఇంట్లో మా ఆయన పెట్టే టీవీ సౌండు ఏడాదికేడాది పెరగతా పోయింది. అట్ల నేర్చుకున్నాం మేము."

"కానీ అది ఏడవలేదండీ," అన్నాడు బావ. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "నొప్పయితే ఏడుస్తదిగా?"

"చేతులు పెట్టుకుంది కదండీ," అంది వనజ.

ఆ చేతులు రెండుసార్లు ఎవరు దించారో బావకి తెలుసు, పక్కన కూర్చుని వీడియో తీసిందెవరో నాకు తెలుసు.

అమ్మ ఒళ్లో ఉన్న దూది ఉండల్ని చూస్తోంది. "బాలింతకి దూది పెట్టేది చెవిలోకి గాలి పోకూడదని," అంది తనలో తాను. "గాలికేగా పెట్టేది. మోతకని మా అమ్మ ఎప్పుడూ అన్లేదు. నేనే అనుకున్నా."

"ఈ రోజుకి చాలు, వెలుపలికి తీసుకొని పోండి," అంది వనజ. "చెవికి రెస్టు కావాల. చాలావరకు రేపటికి సర్దుకుంటుంది. సర్దుకున్నా డాక్టరుకి చూపించండి." వాళ్ల పెద్దమ్మాయి ఆ రోజు రాలేదని, ఆ పిల్లవి గులాబీ రంగు మఫ్‌లు, ఈ చెవి మూతల్ని అలాగే అంటారట, సంచిలోంచి తీసి జెస్సీకి పెట్టింది.

మేం లేచేసరికి శామ్యూలు గుంపు సాధనకి బయల్దేరింది. బావ పిల్లని ఎత్తుకుని గేటువైపు నడిచాడు. వెనక్కి చూడకుండా వెళ్లాడని రాస్తే బాగుంటుంది గానీ, చూశాడు. చాలాసార్లు చూశాడు. మధ్యలో టైర్ల కంపెనీ బోర్డు అడ్డం ఉండటం వల్ల ఏమీ కనపడలేదు.

లాడ్జి

సాయంత్రమంతా పిల్ల చెవుల్ని పరీక్షించడమే పని. తలుపు వెనకనుంచి నేను "చాక్లెట్" అనడం, తిరిగిందో లేదో అమ్మ చూడటం. తిరిగితే సంతోషంతో ఒకటి ఇచ్చాం, తిరక్కపోతే జాలితో ఒకటి ఇచ్చాం. కాసేపటికి పరీక్ష ఎవరికి జరుగుతోందో అర్థం కాలేదు.

అక్క ఫోన్ చేసింది. చెప్పక తప్పదు. బావ చెప్పాడు. మొత్తం చెప్పాడు, చేతులు దించిన సంగతితో సహా. ఆయన చెప్తే లాడ్జిలో రెండంతస్తులవాళ్లకీ తెలిసిపోయింది. తెలుగు రానివాళ్లకి కూడా విషయం మంచిది కాదని అర్థమై ఉంటుంది. అక్క అరవలేదు. అరిస్తే బాగుండేది.

"పిల్లకివ్వు," అంది.

జెస్సీ ఫోను ఎడమ చెవికి పెట్టుకుంది. "ఊ. దోసె తిన్నా. రెండు కాదు, ఒకటే." మాకు ప్రాణం లేచొచ్చింది. వినపడుతోంది!

అక్క మమ్మల్ని అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. రెండో చెవికి మార్చమన్నట్టుంది. పిల్ల మార్చి, కాసేపు విని, మొహం చిట్లించింది. "అమ్మా, చిన్నగా మాట్లాడతావేంటి?"

బావ ఫోను తీసుకుని చెవికి పెట్టుకున్నాడు. కుడి చెవికి. ఎన్నేళ్లుగానో చూస్తున్నాను, ఆయనెప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటాడు. షాపులో కుడిచేతి పని మధ్యలో అయినా సరే, చెయ్యి మార్చుకుని మరీ అటే పెట్టుకుంటాడు. షోకు అనుకున్నాను.

ఆదివారం

తెల్లారి జెస్సీ నిద్రలేచి చెప్పిన మొదటి మాట, "పురుగు వెళ్లిపోయింది." ఎటు వెళ్లిందని అడిగితే, "కిటికీలోంచి," అంది. కింద వీధిలో పూలమ్మి కేక వినపడగానే కిటికీ దగ్గరికి పరుగెత్తింది. అమ్మ కళ్లు తుడుచుకుని, కారప్పొడి కళ్లల్లో పడిందంది. అప్పటికి ఇంకా టిఫిను రాలేదు.

శామ్యూలు రేసు జాకెట్టు వేసుకుని వచ్చాడు. "పద అన్నయ్యా, టైమవుతంది."

"నువ్వెళ్లరా. నేను పిల్ల దగ్గర ఉంటా."

"అదేంటి? అత్తయ్యగారున్నారుగా! మఫ్‌లు కూడా ఇచ్చారంటగా ఆవిడ!"

"డాక్టరు చూసేదాకా ఆ మోత దగ్గరికి తీసుకురాను. దాన్ని వదిలి నేనూ రాను. నీ బండి సౌండు నాకిక్కడికే వినపడుద్ది పో."

"నీకు పక్క గదిలో సౌండే వినపడదు!"

ఇది మా ఇంట్లో రోజూ వేసే జోకు. నేనే కనిపెట్టాను దాన్ని. ఇంతకాలం అందరికంటే ముందు నవ్వింది బావే. ఈసారి ఎవరూ నవ్వకపోవడంతో శామ్యూలు ఏదో అర్థమైనవాడిలా అన్న కాళ్లకి దణ్ణం పెట్టి వెళ్లాడు. ఆ వెళ్లడంలో హెల్మెట్ మర్చిపోయి, మళ్లీ వచ్చి తీసుకెళ్లాడు.

నేను ట్రాకుకి వెళ్లాను, వెనక మెట్ల మీద వనజగారి పక్కన కూర్చుని, బావకి వీడియో కాల్ చేసి పట్టుకున్నాను. వాళ్లు అక్కడ సౌండు తీసేశారు. శబ్దం విని ఇంజను జబ్బు చెప్పే మనిషి, తను తయారుచేసిన తమ్ముడి మొదటి రేసుని మూకీ సినిమాలా చూశాడు. ఫోన్లో మూలన చిన్న గడిలో వాళ్లిద్దరి తలలూ కనపడుతున్నాయి. జెస్సీ వేలితో తెర మీద చూపిస్తోంది, బావ తలూపుతున్నాడు. శామ్యూలు పడలేదు, గెలవలేదు. వాడి స్థానం చివర్నుంచి లెక్కపెడితే తొందరగా దొరుకుతుంది. వాడు మాత్రం కప్పు గెలిచినవాడి కంటే ఎక్కువసేపు చేతులూపాడు.

గులాబీ రంగువి తిరిగివ్వబోతే వనజగారు తీసుకోలేదు. "మీ ఊళ్లో పెళ్లిళ్లు ఉండవా?" అంది. ఆమెకి మా గురించి ఇంకెవరో చెప్పినట్టుంది.

విజయవాడ

తిరుగు ప్రయాణంలో విజయవాడలోనే దిగి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. అక్క స్కూలుకి సెలవు పెట్టి మాకంటే ముందే వచ్చి కూర్చుంది. చిన్న గదిలో జెస్సీకి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా గిన్నెలో ఒక పూస వెయ్యమన్నారు. అది ఆటనుకుని, గెలవాలని ఆడింది. రెండు చెవులూ బాగానే ఉన్నాయన్నారు డాక్టరుగారు. "ఈసారికి," అని కూడా అన్నారు.

అక్క అప్పుడు బావవైపు తిరిగింది. "మీరూ వెళ్లండి లోపలికి."

"నాకెందుకే?"

"పూసలు వెయ్యండి."

బావ వెళ్లి కూర్చున్నాడు. ఆయనకి పూసలివ్వలేదు, చెయ్యెత్తమన్నారు. అద్దంలోంచి మేం చూస్తున్నాం. కుడి చెవికి చెయ్యి లేస్తూ ఉంది. ఎడమకి మార్చారు. బావ శ్రద్ధగా, స్కూలు పిల్లాడిలా, వినడానికి సిద్ధంగా కూర్చున్నాడు. చెయ్యి లేవలేదు. చాలాసేపు లేవలేదు.

"మెకానిక్కునండీ," అన్నాడు బయటికొచ్చి, డాక్టరుగారితో. "చెవి మోతకి అలవాటైపోయింది, అంతే."

"చెవికి అలవాటవడం అంటూ లేదండీ," అన్నారావిడ. "వినే శక్తి పోతూ ఉంటుంది. పోయేకొద్దీ మోత తగ్గినట్టు ఉంటుంది. దాన్నే అలవాటనుకుంటాం."

"తిరిగొస్తదా?"

"పోయింది రాదు. మిగిలింది కాపాడుకోవాలి."

బావ తలూపాడు. బయట ఆయన, వినపడిందో లేదో అని, డాక్టరుగారి మాట నన్ను మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు. వినపడే ఉంటుంది. చెప్పాను.

మళ్లీ తిరువూరు

ఇప్పుడు బావ షాపులో నల్ల మఫ్‌లు పెట్టుకుని పనిచేస్తున్నాడు. బస్టాండు దగ్గర ఆ ముచ్చట అప్పుడే పాకింది: ప్రసాదు మెకానిక్ పాటలు వింటూ బండ్లు బాగుచేస్తున్నాడట, రేటు పెంచుతాడేమో అని. సైలెన్సరు మార్చమని వచ్చే కుర్రాళ్లని తిప్పి పంపుతున్నాడు. వాళ్లు పక్క షాపుకి వెళ్తున్నారు. కాబట్టి ఊరేం మారలేదు. నేను పెళ్లిళ్లలో చెవి బిళ్లలు పెట్టుకుంటున్నాను. పెళ్లికొడుకుల తండ్రులు పిలుస్తుంటే పలకడం లేదని ఇప్పటికే రెండు ఫిర్యాదులొచ్చాయి. అమ్మ దూది జెస్సీ బొమ్మకి పరుపైంది.

నిన్న సాయంత్రం నేను షాపు దగ్గర ఉండగా జెస్సీ వచ్చింది. బావ పని ఆపి, మఫ్‌లు తీసి బల్ల మీద పెట్టాడు. అది మామూలుగానే వాళ్ల నాన్న ఎడమ భుజం ఎక్కి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రహస్యం.

బావ దాన్ని ఎత్తి, దించి, రెండో పక్కకి తెచ్చుకుని, తల వంచి కుడి చెవి ఇచ్చాడు.

పిల్ల చెప్పింది. చాలాసేపు చెప్పింది. నేను ఎప్పటి 'అవునా తల్లీ' కోసమే ఎదురుచూస్తున్నాను. బావ మాత్రం నావైపు, ఫ్రిజ్‌లో జెస్సీ దాచుకున్న చాక్లెట్ సంగతి ఇంకా ఎవరికీ తెలియదని ధైర్యంగా ఉన్న నావైపు, ఒకసారి చూసి, కూతుర్ని అడిగాడు.

"ఎప్పుడు తిన్నాడు?"